చిగుళ్ల వాపు, నొప్పికి చైనా సంప్రదాయ వైద్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

చిగురు ఎర్రగా ఉబ్బి, బ్రష్ తగిలితే రక్తం వచ్చి, రాత్రి పడుకోగానే దవడంతా సలుపుతుంటే ఏ వైద్యమైనా ఫరవాలేదు, తగ్గితే చాలు అనిపిస్తుంది. సింగపూర్, మలేషియాల్లో స్థిరపడిన తెలుగువారు, వైద్యవిద్య కోసం చైనాకు వెళ్లిన మన పిల్లలు అలాంటప్పుడే మూలికల దుకాణం మెట్లెక్కుతారు. వారూ, ఇక్కడ ఉన్న వారి తల్లిదండ్రులూ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి. చైనా వైద్యం చెప్పేదాన్ని దాని పద్ధతిలోనే చెప్పాను. దాన్ని నమ్ముకుని కూర్చోకూడని చోట ఆ సంగతీ దాచలేదు.

చిగుళ్లు వాస్తే చైనాలో "మంట లేచింది" అంటారట. అంటే ఏమిటి?

వారి మాట షాంగ్‌హువో. షాంగ్ అంటే పైకి లేవడం, హువో అంటే నిప్పు. నోటిపూత, గొంతు మంట, కళ్లు ఎర్రబారడం, మొటిమలు, మలబద్ధకం, చిగుళ్ల వాపు, వీటన్నిటినీ ఈ ఒక్క మాట కిందికి తెస్తారు. తెలుగువారికి దీన్ని వివరించడం చాలా తేలిక. మనం "వేడి చేసింది" అనే సందర్భాలు దాదాపు ఇవే. మామిడిపళ్లు ఎక్కువగా తిని సెగగడ్డ లేస్తే మన ఇంట్లో పెద్దవాళ్లు మజ్జిగ తాగమన్నట్టే, లిచీ పళ్లు తెగ తిన్న పిల్లవాడికి దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ తల్లి చేదు కషాయం పోస్తుంది. ఒక్క లిచీకి మూడు మంటలు అని అక్కడ సామెత.

గ్వాంగ్‌డాంగ్ ఉక్కపోత ప్రాంతం. అందుకే మూలికలతో కాచిన లియాంగ్‌చా, అంటే చలవ టీ, అక్కడి జీవితంలో భాగమైపోయింది. గ్వాంగ్‌జౌ, హాంకాంగ్ వీధుల్లో నిలబడి ఒక గిన్నెడు తాగి వెళ్లే కొట్లు నేటికీ ఉన్నాయి. 2006లో చైనా ప్రకటించిన తొలి జాతీయ అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో ఈ టీకి చోటు దక్కింది.

మన వేడికీ వారి మంటకూ ఒక తేడా ఉంది. మనం వేడి అని ఊరుకుంటాం. చైనా వైద్యులు అది ఏ అవయవం నుంచి లేచింది, నిండుదనం వల్ల లేచిందా, లోటు వల్ల లేచిందా అని అడుగుతారు. చికిత్స మొత్తం ఆ రెండో ప్రశ్న మీదే ఆధారపడుతుంది.

పంటి చిగురుకూ కడుపుకూ ఏమిటి సంబంధం?

శరీరంలో ప్రాణశక్తి కొన్ని దారుల వెంట ప్రవహిస్తుందని చైనా వైద్యం నమ్మకం. ఆ శక్తిని చీ అంటారు. సుమారు రెండు వేల ఏళ్ల నాటి హువాంగ్‌డి నేయ్‌జింగ్ అనే గ్రంథంలో లింగ్‌షూ అనే భాగం ఈ దారులను వర్ణిస్తుంది. జీర్ణాశయానికి చెందిన దారి పై పళ్లలోకి వెళుతుందని, పెద్దపేగు దారి కింది పళ్లలోకి వెళుతుందని అందులో ఉంది. అందుకే పై చిగురు వాచినవారిని ఆకలి, దాహం, పులితేన్పుల గురించి, కింది చిగురు వాచినవారిని విరేచనం సాఫీగా అవుతోందా అని అడుగుతారు. చిగురు చూపించడానికి వెళ్లినవాడు ఈ ప్రశ్నకు తెల్లబోవడం సహజమే.

మూడో సంబంధం మూత్రపిండాలతో. ఎముకలను పోషించేవి మూత్రపిండాలని, ఎముకల్లో మిగిలిన సారమే పళ్లు అని వారి సిద్ధాంతం. ముసలితనంలో పళ్లు కదలడానికి, చిగుళ్లు కిందికి జారడానికి వారు చెప్పే కారణం ఇదే.

శవాన్ని కోసి చూస్తే ఈ దారులు కనిపించవు. వీటిని నాళాలుగా కాక, రోగిని ఏమేమి అడగాలో గుర్తు చేసే పటంగా చూస్తే ప్రయోజనం ఉంటుందని నా అభిప్రాయం. చిగురు బాధతో వచ్చిన మనిషిని నిద్ర, తిండి, దాహం గురించి ఓపికగా అడిగే అలవాటు ఏ వైద్యంలో ఉన్నా మంచిదే.

చిగుళ్ల వాపు అంతా ఒకే రకంగా చూస్తారా?

చూడరు. ఈ వైద్యంలో అన్నిటికన్నా చదవదగింది ఈ విభజనే.

మొదటిది జీర్ణాశయపు మంట. చిగురు ఎర్రగా, బిరుసుగా ఉబ్బుతుంది. ముట్టుకుంటే రక్తం వస్తుంది, ఒక్కోసారి చీము కూడా. నోరు దుర్వాసన, విపరీతమైన దాహం, చన్నీళ్లు పుక్కిట పడితే హాయి, మలబద్ధకం. కారం, వేపుళ్లు, మాంసం, మద్యం ఎక్కువైన వయసువారిలో ఇది కనిపిస్తుందంటారు. ఇది నిండుదనం వల్ల వచ్చిన మంట. పొయ్యిలో కట్టెలు ఎక్కువయ్యాయి, తీసేయాలి.

రెండోది బయటి నుంచి వచ్చిన గాలి, వేడి కలిసి చేసేది. హఠాత్తుగా వస్తుంది. కొద్దిగా జ్వరం, గొంతు నొప్పి తోడుంటాయి. జలుబు చేసిన వారంలో చిగురు వాచిందంటే ముందు దీన్నే అనుమానిస్తారు.

మూడోది లోటు వల్ల లేచే మంట. మూత్రపిండాల యిన్, అంటే చల్లబరిచే తడి గుణం, తగ్గిపోయినప్పుడు ఉన్న కొద్ది వేడే పైకి ఎగదన్నుతుంది. కట్టెలు ఎక్కువ కాలేదు, గిన్నెలో నీళ్లు ఇంకిపోయాయి. ఇక్కడ వాపు, ఎరుపు ఒక మోస్తరుగానే ఉంటాయి. నొప్పి సన్నగా, సాయంత్రం నుంచి మొదలవుతుంది. పళ్లు కదులుతున్నట్టు ఉంటాయి. నడుము నొప్పి, అరచేతుల మంట, రాత్రి చెమట, నిద్ర పట్టకపోవడం ఉండవచ్చు. నడివయసు దాటినవారిలో, రాత్రిళ్లు మేలుకుని పనిచేసేవారిలో దీన్ని ఎక్కువగా చెబుతారు.

నాలుగోది చీ, రక్తం రెండూ తగ్గినప్పటిది. చిగుళ్లు పాలిపోయి, జారిపోయి, పళ్ల మొదళ్లు బయటపడతాయి. మనిషి నీరసంగా ఉంటాడు.

ఒకరికి పనిచేసిన చేదు కషాయం ఇంకొకరికి ఎందుకు పనికిరాదో ఇప్పుడు అర్థమవుతుంది. మూడో రకం మనిషికి మొదటి రకం మందు పోస్తే కడుపు చల్లబడి విరేచనాలు పట్టుకుంటాయి తప్ప చిగురు బాగుపడదని వారి శాస్త్రమే చెబుతుంది. పక్కింటివారికి తగ్గిందని అదే పొట్లం తెచ్చుకోవడం చైనా వైద్యం దృష్టిలో కూడా తప్పే.

నాలుక ఎందుకు చాపమంటారు?

రకం తేల్చుకోవడానికి. నాలుక ఎర్రగా ఉండి పైన పసుపుపచ్చని మందపాటి పాచి ఉంటే జీర్ణాశయపు మంట. ఎర్రగా ఉండి పాచి లేకుండా నున్నగా ఉంటే యిన్ లోటు. పాలిపోయి ఉంటే రక్తం తక్కువ. తర్వాత మణికట్టు దగ్గర మూడు వేళ్లతో రెండు చేతుల నాడీ చూస్తారు. వెళ్లే ముందు కాఫీ, పసుపు వేసిన కూర, రంగు మిఠాయిలు తినకండి. నాలుక రంగు మారిపోతుంది.

మరి దంతవైద్యులు చిగుళ్ల వాపు పంటి పాచి వల్ల అంటారు. ఎవరి మాట నిజం?

దంతవైద్యులదే. ఈ విషయంలో నాకు సందేహం లేదు.

1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హెరాల్డ్ లో అనే దంతవైద్యుడు, ఆయన సహచరులు ఒక ప్రయోగం ప్రచురించారు. చిగుళ్లు ఆరోగ్యంగా ఉన్న 12 మంది పళ్లు తోముకోవడం పూర్తిగా మానేశారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ల వాపు వచ్చింది. మళ్లీ శుభ్రంగా తోముకోవడం మొదలుపెట్టాక వారం పది రోజుల్లో పోయింది. పంటి అంచున పేరుకునే మెత్తటి పాచిలోని సూక్ష్మజీవులే చిగుళ్ల వాపుకు కారణమని దానితో స్థిరపడింది.

ఆ పాచి తీయకపోతే ఉమ్మిలోని ఖనిజాలతో గట్టిపడి గార అవుతుంది. గారను బ్రష్ కదిలించలేదు. కషాయం కరిగించలేదు. ఆక్యుపంక్చర్ సూది పోగొట్టలేదు. దంతవైద్యుల పనిముట్టుతో గీకి తీయాల్సిందే. అలా వదిలేస్తే చిగురుకూ పంటికీ మధ్య సంచులు ఏర్పడి, కింద ఎముక కరగడం మొదలవుతుంది. చిగుళ్ల వాపు పూర్తిగా తగ్గుతుంది కానీ, కరిగిన ఎముక మామూలుగా తిరిగి రాదు.

అయితే ఒకే రకం పాచి ఉన్న ఇద్దరిలో ఒకరి చిగురు ఎక్కువగా, మరొకరిది తక్కువగా వాస్తుంది. మధుమేహం, పొగతాగడం, గర్భం, సి విటమిన్ లోపం, మానసిక ఒత్తిడి ఆ తేడాకు కారణాలని ఆధునిక వైద్యం కూడా ఒప్పుకుంటుంది. చైనా వైద్యం వెయ్యేళ్లుగా చూస్తూ వచ్చింది ఈ రెండో సగాన్నే: నేలను. విత్తనాన్ని అది చూడలేకపోయింది, సూక్ష్మదర్శిని లేదు కాబట్టి. అందుకే వరుస ముఖ్యం. ముందు పళ్లు శుభ్రం చేయించుకోవాలి. ఆ తర్వాత కావాలంటే చలవ వైద్యం.

మా అమ్మ విషయంలో ఈ వరుస తప్పాం. చిగురు వాచినప్పుడల్లా లవంగం నొక్కిపెట్టి నెలలు గడిపింది. వేడి తగ్గితే అదే పోతుందని మేమూ అనుకున్నాం. దంతవైద్యుల దగ్గరకు తీసుకెళ్లేసరికి రెండు పళ్లు చేతితో కదిపితే కదిలే స్థితికి వచ్చాయి. ఇదంతా ఇంత గట్టిగా చెప్పడానికి అదే కారణం.

చైనా వైద్యులు ఇచ్చే మందులు ఏవి?

జీర్ణాశయపు మంటకు అన్నిటికన్నా పేరున్నది చింగ్‌వేయ్ సాన్. పేరుకు అర్థం జీర్ణాశయాన్ని శుభ్రపరిచే చూర్ణం. 1180 నుంచి 1251 వరకు జీవించిన లీ దోంగ్‌యువాన్ కూర్చిన యోగం ఇది. కడుపుకు బలమని వేడిచేసే మందులు మింగి, పై పళ్లూ కింది పళ్లూ భరించలేనంత నొప్పిపెట్టి, ఆ నొప్పి తలదాకా పాకిన రోగి కోసం రాసింది. అంటే మందు వల్ల వచ్చిన బాధకు మందు.

ఇందులో ఐదు మూలికలు. హువాంగ్‌లియాన్ అనే చేదు వేరు మంటను కిందికి అణచుతుంది. షెంగ్‌మా లోపల చిక్కుకున్న వేడిని పైకి, బయటికి వదులుతుంది. షెంగ్ దిహువాంగ్, ముదాన్‌పీ రక్తాన్ని చల్లబరుస్తాయి. దాంగ్‌గుయ్ రక్తాన్ని పోషిస్తుంది. ఒకటి తొక్కిపడితే ఇంకొకటి తలుపు తీస్తుంది. అణచడం మాత్రమే చేస్తే వేడి లోపలే రగులుతుందన్న ఆలోచన అది. వైద్యంగా దాన్ని ఎలా తూచినా, ఆలోచనగా చాలా అందమైనది.

మంటతో పాటు యిన్ లోటు కూడా ఉంటే యూన్యు జియాన్ ఇస్తారు. జాంగ్ జింగ్యుయే అనే వైద్యుడిది. ఆయన కాలం 1563 నుంచి 1640. పేరుకు అర్థం పచ్చరాతి కన్య కషాయం. జిప్సం రాయి, ఉడికించి నల్లబరిచిన దిహువాంగ్ వేరు, మరో మూడు మూలికలు ఉంటాయి. జిప్సం అంటే మన గోడల పని చేసేవారికి తెలిసిన ఆ ఖనిజమే. అయితే మందుకు వాడేది శుద్ధిచేసిన వైద్య జిప్సం.

లోటు వల్ల లేచే మంటకు జీబాయ్ దిహువాంగ్ మాత్రలు. వీటికి మూలమైన ఆరు మూలికల యోగం సుంగ్ రాజవంశ కాలపు పిల్లల వైద్యుడు చియాన్ యీది. ఎదుగుదల వెనకబడిన పిల్లల కోసం ఆయన కూర్చిన మందు ఇప్పుడు ఎక్కువగా పెద్దవాళ్లు వాడుతున్నారు.

హువాంగ్‌లియాన్ మన దేశంలో దొరుకుతుందా?

దొరుకుతుంది, అందుకే దాని జోలికి వెళ్లకండి అంటాను. ఆ జాతి మొక్కల్లో ఒకటి అరుణాచల్ ప్రదేశ్‌లోని మిష్మీ కొండల్లో పెరుగుతుంది. పేరు మిష్మీ తీతా. నరికి అమ్ముకోవడం వల్ల అడవిలో అంతరించే స్థితికి చేరింది. చేదు గుణానికి కారణమైన బెర్బెరిన్ మన మానుపసుపులోనూ ఉంది.

ఇంకొక జాగ్రత్త. జి6పిడి అనే ఎంజైమ్ లోపమున్న నవజాత శిశువులకు ఈ మందు వల్ల కామెర్లు ముదిరే ప్రమాదం ఉందని సింగపూర్ దీన్ని 1978 నుంచి దశాబ్దాల పాటు నిషేధించింది. పసిపిల్లలకు, పాలిచ్చే తల్లులకు ఇది వద్దు.

దుకాణంలో దొరికే "వేడి తగ్గించే" మాత్రలు కొనుక్కోవచ్చా?

వైద్యుల సలహా లేకుండా వద్దు. ఈ ఒక్క జవాబైనా పూర్తిగా చదవమని నా మనవి.

చిగుళ్ల వాపు, గొంతు నొప్పి, మలబద్ధకం అనగానే చైనా మందుల కొట్టులో చేతికి వచ్చే డబ్బా పేరు నియుహువాంగ్ జియెదూ. సంప్రదాయ యోగంలో కృత్రిమ గోరోచనం, కర్పూరం వంటి బింగ్‌పియాన్, రేవల్చిన్ని జాతి వేరుతో పాటు మణిశిల ఉంటుంది. మణిశిల అంటే ఆర్సెనిక్, గంధకం కలిసిన ఎర్రని ఖనిజం. మొటిమలకని, వేడికని నెలల తరబడి మింగినవారికి చర్మం నల్లబడటం, అరచేతులు గరుకెక్కడం వంటి ఆర్సెనిక్ విషలక్షణాలు వచ్చాయి. రేవల్చిన్ని వల్ల విరేచనం అవుతుంది కాబట్టి మొదటి రోజు ఒళ్లు తేలికపడినట్టే ఉంటుంది. మోసపోవడం అక్కడే.

నోటిలో చల్లుకునే బింగ్‌పెంగ్ సాన్ అనే పొడిలో వెలిగారం, బింగ్‌పియాన్‌తో పాటు ఇంగిలీకం కలుపుతారు. ఇంగిలీకం పాదరసపు ఖనిజం. పుండు పడిన చిగురు మీద పాదరసం చల్లుకోవడం తెలిసి చేసే పని కాదు.

పంటి నొప్పికి వాడే మరో మూలిక షీషిన్. నోరు తిమ్మిరెక్కుతుంది, నొప్పి తగ్గుతుంది. కానీ ఆ మొక్కలో ఆరిస్టొలోకిక్ ఆమ్లాలు ఉంటాయి. ఇవి మూత్రపిండాలను శాశ్వతంగా దెబ్బతీస్తాయి, క్యాన్సర్ తెస్తాయి. 1990లలో బెల్జియంలో సన్నబడటానికని ఈ ఆమ్లాలున్న వేరొక చైనా మూలికను పొరపాటున తీసుకున్న మహిళల్లో వంద మందికి పైగా మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. పళ్ల కోసం మూత్రపిండాలను కాపాడుకోవాలన్న వైద్యంలో మూత్రపిండాలను తినే వేరు ఉండటం బాధాకరం.

వాడేట్టయితే నమోదైన వైద్యులు రాసినవే వాడండి. సింగపూర్‌లో చైనా వైద్యులు 2000 నాటి చట్టం కింద నమోదు కావాలి. మన దేశంలో ఆయుష్ కింద గుర్తింపు ఉన్న పద్ధతుల్లో చైనా మూలికా వైద్యం లేదు. కాబట్టి ఇక్కడ ఎవరైనా చైనా మందని పొడి పొట్లం ఇస్తే అందులో ఏముందో రాసి ఇవ్వమని అడగండి. రాయకపోతే తిరిగి ఇచ్చేయండి.

చేతి మీద ఒక చోట నొక్కితే పంటి నొప్పి తగ్గుతుందట, నిజమేనా?

కొంత ఉపశమనం ఉండవచ్చు. ఆ చోటు పేరు హేగు. బొటనవేలు, చూపుడువేలు దగ్గరికి చేర్చితే వాటి మధ్య కండ ఉబ్బుతుంది. ఆ ఉబ్బు మీద, చూపుడువేలి ఎముక మధ్యభాగానికి ఆనుకుని ఉంటుంది. రెండో చేతి బొటనవేలితో లోతుగా, కొంచెం నొప్పి కలిగేలా ఒకటి రెండు నిమిషాలు నొక్కి వదలాలి. రెండు చేతులకూ చేయవచ్చు. ముఖానికి, నోటికి సంబంధించిన బాధలకు ఇది మొదటి స్థానమని చైనా వైద్యుల మాట.

ఇవి కాక దవడ మూల దగ్గర జియాచే, పాదం మీద రెండో, మూడో వేళ్ల మధ్య నేయ్‌టింగ్, లోపలి చీలమండ వెనక తాయ్‌షీ వాడతారు. నేయ్‌టింగ్ జీర్ణాశయపు మంటకు, తాయ్‌షీ మూత్రపిండాల లోటుకు.

1997లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ఏర్పాటు చేసిన నిపుణుల సభ, పంటి శస్త్రచికిత్స తర్వాతి నొప్పికి ఆక్యుపంక్చర్ ఆశాజనకంగా ఉందని చెప్పింది. గమనించాల్సింది "నొప్పికి" అన్న మాట. చీముకు కాదు, గారకు కాదు. గర్భిణులకు హేగు దగ్గర గట్టిగా నొక్కడం, సూది గుచ్చడం చైనా సంప్రదాయంలోనే నిషేధం.

ఏం తినాలి, ఏం మానాలి?

మంట రకం వాపులో వేపుళ్లు, ఎండుమిరప, మేకమాంసం, మద్యం, లిచీ మానమంటారు. పెసలు నీళ్లలో ఉడికించిన చారు, కాకరకాయ, పుచ్చకాయ, బేరిపండు, చేమంతి పూల టీ తీసుకోమంటారు. ఇందులో మనకు కొత్తది చేమంతి టీ ఒక్కటే. పెసరకట్టు మన ఇంటిదే. ఎండిన తినే చేమంతి పూలు నాలుగైదు వేడినీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి, పంచదార లేకుండా తాగాలి. అలంకరణకు కొన్న పూలు వాడకండి, వాటి మీద పురుగుమందు ఉంటుంది.

పంచదార గురించి నొక్కి చెప్పాలి. సీసాలు, డబ్బాల్లో అమ్మే చలవ టీలు చాలావరకు తియ్యనివి. చిగురుకు చలవ అని తాగుతూ పంటికి చెరుపు చేసుకోవడం అవుతుంది.

లవంగ నూనె మంచిదా?

మన ఇళ్లలో మొదట గుర్తొచ్చేది అదే. దానిలోని యూజెనాల్ తాత్కాలికంగా తిమ్మిరి కలిగిస్తుంది. పిప్పి పంటి నొప్పికి పనికొస్తుంది. కానీ నేరుగా చిగురుకు పూస్తే కాలుతుంది. చైనా వైద్యంలో లవంగం వేడి ద్రవ్యం, కడుపులో చలికి ఇస్తారు. ఎర్రగా మండుతున్న చిగురుకు దాన్ని సాధారణంగా ఎంచుకోరు. అంతేకాదు, లవంగాన్ని పసుపు జాతి దుంప యుజిన్‌తో కలపకూడదని వారి పాత నిషేధాల జాబితా చెబుతుంది. మనమేమో రెండూ కలిపి నూరి పెడతాం.

చైనా మూలికల టూత్‌పేస్టుతో రక్తం ఆగిపోయింది. తగ్గినట్టేనా?

తగ్గినట్టు కాదు. చైనాలో చాలా ప్రాచుర్యమున్న యున్నాన్ బాయ్యావ్ పేస్టులో ట్రానెక్సామిక్ ఆమ్లం ఉందని 2018లో అక్కడ పెద్ద చర్చ జరిగింది. అది రక్తస్రావం ఆపడానికి ఆసుపత్రుల్లో వాడే మందు, మూలిక కాదు. రక్తం కారడం చిగురు మీకు పంపే కబురు. కబురు ఆగితే కారణం పోయినట్టు కాదు. పొగతాగేవారిలోనూ ఇదే జరుగుతుంది: పొగ రక్తనాళాలను బిగించి రక్తం కనిపించనివ్వదు, లోపల ఎముక కరుగుతూనే ఉంటుంది. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగేవారు చిగుళ్లతో పాటు అంగిలిని కూడా చూపించుకోవాలి.

ఈ రాత్రికి నొప్పి తగ్గాలంటే?

గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అరచెంచా ఉప్పు వేసి, గంట గంటన్నరకు ఒకసారి నెమ్మదిగా పుక్కిలించండి. పళ్ల మధ్య ఆహారపు ముక్క ఇరుక్కుందేమో చూసి దారంతో తీయండి. చాలా వాపులకు ఒక జామ గింజో, చేప ముల్లో కారణమవుతుంది. బయట బుగ్గ మీద గుడ్డలో చుట్టిన మంచు పది నిమిషాలు పెట్టండి. వేడి కాపడం వద్దు. తల కింద ఎత్తు పెట్టుకుని పడుకోండి. మీకు పడుతుందని తెలిసిన పారాసెటమాల్ వేసుకోవచ్చు. ఆస్పిరిన్ మాత్రను చిగురు మీద పెట్టి పడుకోకండి, అక్కడ చర్మం కాలి తెల్లగా ఊడుతుంది. చీముగడ్డను సూదితో పొడవకండి.

ఇంట్లో పాత యాంటీబయాటిక్ మాత్రలు మిగిలి ఉంటే వాటిని ముట్టుకోవద్దు.

గర్భిణిని. చిగుళ్లు ఉబ్బి రక్తం వస్తోంది. చైనా మూలికలు వాడవచ్చా?

వద్దు. ముదాన్‌పీ, నియుషీ వంటివి గర్భిణులకు తగవని ఆ వైద్యమే చెబుతుంది. గర్భంలో హార్మోన్ల వల్ల చిగుళ్లు కొద్ది పాచికే ఎక్కువగా వాస్తాయి. మెత్తని బ్రష్, ఉప్పునీళ్లు, దంతవైద్యుల దగ్గర శుభ్రం చేయించుకోవడం చాలు. గర్భంతో ఉండగా పళ్లు శుభ్రం చేయించుకోకూడదన్నది అపోహ.

షుగరు, బీపీ మందులు వాడుతున్నాను. తేడా ఏమైనా ఉందా?

చాలా ఉంది. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్లు పాడవుతాయి, చిగుళ్లు పాడైతే షుగరు అదుపు తప్పుతుంది. చిగుళ్ల చికిత్స తర్వాత మూడు నెలల సగటు చూపే పరీక్షలో సుమారు 0.3 నుంచి 0.4 శాతం తగ్గుదల కనిపిస్తుంది. నిత్యం దాహం, నోరు ఎండటం, రాత్రి మూత్రం ఉంటే చైనా వైద్యులు యిన్ లోటు అనవచ్చు. మీరు ముందు రక్తపరీక్ష చేయించుకోండి.

అమ్లోడిపిన్, నిఫెడిపిన్ వంటి బీపీ మందులు, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, అవయవమార్పిడి తర్వాత ఇచ్చే సైక్లోస్పోరిన్ కొందరిలో చిగుళ్లను పెంచుతాయి. అది వేడి కాదు. మీ అంతట మీరు మందు ఆపకుండా, రాసిన డాక్టరుకు చూపించండి. వార్ఫరిన్ వంటి రక్తం పలచబరిచే మందు వాడేవారు దాంగ్‌గుయ్ ఉన్న కషాయం తాగితే రక్తస్రావం ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. ఏ మూలిక తాగుతున్నా దంతవైద్యులకు చెప్పండి, పన్ను తీసే ముందు తప్పనిసరిగా.

ఎప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి?

వాపు దవడ కిందికి, మెడకు, కంటి వైపుకు పాకితే. నోరు తెరవలేకపోతే, మింగలేకపోతే, ఊపిరి కష్టమైతే అర్ధరాత్రి అయినా వెళ్లాలి. పంటి చీము మెడలోకి దిగితే గంటల్లో ఊపిరి ఆడని స్థితి వస్తుంది. పంటి నొప్పి జబ్బు కాదు, లేచిందంటే ప్రాణం తీస్తుంది అన్న చైనా సామెత అప్పుడు అక్షరాలా నిజమవుతుంది.

చిగుళ్లు ఉబ్బడంతో పాటు ఒంటి మీద కారణం లేకుండా కమిలిన మచ్చలు, పాలిపోవడం, తరచూ జ్వరం ఉంటే రక్తపరీక్ష అవసరం. లుకేమియా అనే రక్త క్యాన్సర్ కొన్నిసార్లు చిగుళ్లలోనే మొదట బయటపడుతుంది. రెండు వారాలైనా మానని పుండు ఉంటే, ముఖ్యంగా గుట్కా, పొగాకు అలవాటున్నవారు, చూపించుకోవాలి.

రక్తం వస్తోందని బ్రష్ చేయడం ఆపేయాలా?

ఆపకండి. రక్తం వచ్చేది పాచి ఉన్న చోటే, బ్రష్ చేరాల్సింది కూడా అక్కడికే. మెత్తని కుచ్చు ఉన్న బ్రష్‌ను చిగురు అంచుకు ఏటవాలుగా ఆనించి, రుద్దకుండా చిన్న చిన్న చుట్లు తిప్పండి. రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు. పళ్ల మధ్య దారం లేదా సన్నని బ్రష్. క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత మందు డాక్టరు రాస్తే రెండు వారాలు మించకుండా వాడండి, ఎక్కువైతే పళ్లకు గోధుమరంగు పడుతుంది. మొదటి మూడు నాలుగు రోజులు రక్తం వస్తూనే ఉంటుంది. వారం తర్వాత ఉమ్మిలో ఎరుపు తగ్గుతుంది. రెండు వారాలకూ తగ్గలేదంటే లోపల గార ఉందనుకుని, వెళ్లి తీయించుకోండి.